లంకకు మొదటి పుట్టి

విరోధి నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళ విదియ, ఆదివారం

నందిగామ నుంచి పేరంటపు పిలుపు వచ్చింది. కార్తీకం రెండో సోమవారం మాణిక్యమ్మ వదిన లంకలో శివాలయానికి పెద్ద పడవ మాట్లాడి అందరినీ తీసుకెళుతోందట. ముత్తైదువలకు మాత్రమే. పిలవడానికి వచ్చినావిడ మా తోడికోడలికి బొట్టు పెట్టింది. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది, దాటుకుని బయటికి వచ్చింది. స్తంభాన్నైతే కనీసం పట్టుకుని దాటేది.

పప్పు రుబ్బుతున్నాను. పప్పు మెత్తగా నలిగింది.

బహుళ చవితి, మంగళవారం

రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. పోయిన కార్తీకంలో వదిన లంకకు వెళ్ళినప్పుడు ఏర్పాట్లన్నీ చేసింది నేను. ఆవిడకు పేరు, నాకు చాకిరీ. సరే, మా వారి తోడబుట్టిన అక్క కదా అని పూనుకున్నాను.

పెద్ద పడవ లంక దాకా పోదు. చుట్టూ రాళ్ళు, ఇసుక మేట. నడి ఏట లంగరు వేసి, లంక ఎదురు పల్లెవాళ్ళ తోలు పుట్లలో, ఆ గుండ్రటి బుట్టపడవల్లో, కొద్దికొద్ది మందిని దింపాలి. ఎవరు ముందు, ఎవరు వెనక — అక్కడే ఉంది కిటుకంతా. మొదటి పుట్టిలో వంటవాళ్ళు, గాడిపొయ్యి తవ్వే మనిషి. తర్వాత ముసలివాళ్ళు. చంటిబిడ్డల తల్లులు ఆఖరున దిగి, తిరిగేటప్పుడు ముందు ఎక్కాలి. మధ్యాహ్నం నైవేద్యం కాగానే పూజారి తలుపులు మూసి తనూ ఏరు దాటి వెళ్ళిపోతాడు. ఆ లోపల అందరి దర్శనం కావాలి. ఇవన్నీ వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను.

తీరా లంగరు పడ్డాక, అందరి ముందూ వదిన — "నువ్వు ఆఖర్న దిగు కాంతం. ముత్తైదువలు దిగేప్పుడు ఎదురు రావడం ఎందుకు…"

సరేనన్నాను. ఆఖరి పుట్టి కోసం చూస్తూ కూర్చున్నాను. పుట్టి రాలేదు. ఆవిడే వద్దని చెప్పిందట. రోజంతా పడవలో నేను, సరంగు, మజ్జిగ కుండ. గుడి గంట వినపడుతోంది, నవ్వులు వినపడుతున్నాయి. చివరికి నేను పోపు వేసిన పులిహోర నాకే విస్తట్లో పెట్టి పంపింది. దయగా.

ఏటిలో పారేశాను. చేపలు తిన్నాయి.

బహుళ సప్తమి, శుక్రవారం

మరిది వెంకటరత్నం అన్నం తింటూ అంటున్నాడు — "అక్క ఈసారి ఏర్పాట్లన్నీ తనే చూస్కుంటందంట వదినా. పడవ మాట్టాడింది, సన్నాయి మేళం మాట్టాడింది, వంటోళ్ళని బెజవాడ నించి…"

"మరి పుట్లు మాట్లాడిందా?" అన్నాను.

"పుట్లేంటి?"

ఇంకో గరిటె పప్పు వేశాను. అడక్కుండానే నెయ్యి కూడా వేశాను.

ఆవిడకు తెలియదు! పడవ ఆగగానే పుట్లు వాటంతట అవే వచ్చి నిలబడతాయనుకుంటోంది, పోయినేడు అలాగే వచ్చి నిలబడ్డాయి గనక. వాటి కోసం పల్లెకు రెండుసార్లు బండి కట్టించుకుని వెళ్ళింది ఎవరో ఆవిడకెలా తెలుస్తుంది. వడ్డించిన విస్తరి చూసినవాళ్ళకు పొయ్యి సంగతి తెలియదు.

బహుళ ఏకాదశి, మంగళవారం

పల్లెకు వెళ్ళి వచ్చాను. తోవంతా గుంతలు, నడుం విరిగింది.

పుట్లవాళ్ళ పెద్ద అంకయ్య ఒడ్డున తోలుకు తారు పూస్తున్నాడు. అన్ని పుట్లూ ఆ సోమవారం పొద్దుటి నుంచి నాకే కావాలన్నాను. వాళ్ళలో తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే, ఇక ఆ రోజు ఎవరు అడిగినా వేయరు. ఆకు, వక్క కొంగున కట్టుకునే వెళ్ళాను. తీరా ఇచ్చే వేళకు నా చెయ్యి ఆగింది.

"నా చేతి తాంబూలం పుచ్చుకుంటావా అంకయ్యా?"

వాడు నా నుదురు చూశాడు, ఆకు చూశాడు. "ఆకు పచ్చగానే ఉందిగదండీ" అని నోట్లో పెట్టుకున్నాడు.

అయిపోయింది. ఈసారి పడవ నిండా ముత్తైదువలు, సన్నాయి మేళం, నడి ఏట. గుడి కనిపిస్తుంది. గంట వినిపిస్తుంది. కూర్చోండి.

దీపావళి

తోడికోడలు పిల్లలు మతాబులు కాలుస్తున్నారు. నాకు లోపల కాలుతోంది, చాలు.

కార్తీక శుద్ధ విదియ, ఆదివారం

ఉత్తి పుట్లు పెట్టుకుని నేనేం చేసుకుంటాను? దానికీ ఆలోచన వచ్చింది. కీసర సూరమ్మ గారికి కబురు పెట్టాను. ఆవిడ గుండు చేయించుకుని నలభై ఏళ్ళు దాటింది, నోరు మాత్రం చేయించుకోలేదు. "మన బోటి వాళ్ళమే వెళదాం అత్తయ్యగారూ, వెధవముండల పడవ అని ఎవరన్నా అననీ" అని. పడీ పడీ నవ్విందట. వీరులపాడు నుంచి కూడా పోగు చేస్తానంది.

మరిది పొద్దున్నే నందిగామ వెళ్ళాడు, ఇవాళ భగినీహస్త భోజనం, అక్క చేతి వంట తినాలి కదా. బొగ్గుతో నడిచే ఆ బస్సు ఎక్కడో ఆగిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. ముఖం బాగాలేదు.

"బావకి ఒంట్లో బాలేదు వదినా. లేచి కూర్చోటం కూడా లేదు. అక్క ఆ సోమవారం లంకలో దీపాలు ఎలిగిస్తానని మొక్కుకుందంట ఆయన కోసం. అందుకే ఈ పడవ."

అన్నయ్యగారు. మా వారు పోయినప్పుడు వీధి అరుగు మీద కూర్చుని బిగ్గరగా ఏడ్చిన మగమనిషి ఆయనొక్కడే.

అయితే నాకేం. నేను జబ్బు తెచ్చిపెట్టానా?

శుద్ధ పంచమి, బుధవారం

మరిదికి పుట్ల సంగతి తెలిసిపోయింది. "మానెయ్యి వదినా. నలుగురూ నవ్వుతారు."

"పోయినేడు నవ్వినప్పుడు నువ్వెక్కడున్నావు?"

లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు. అక్కకు చెప్పడు, మా ఇద్దరి మధ్యకూ రావడం వాడికి భయం. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా అమ్మ ఊరికే అనలేదు. ఆవిడ తాడిని తన్నింది.

శుద్ధ అష్టమి, శనివారం

రెండుసార్లు అనుకున్నాను, నందిగామ కబురు పెడదామా అని. 'పుట్లు నా దగ్గర ఉన్నాయి, వచ్చి అడుగు.' అడిగితే… అడగదు. కబురు పెట్టలేదు.

శుద్ధ దశమి, సోమవారం

తెల్లవారకముందే బండ్లు కట్టాం. పల్లె చేరేసరికి ఏటి మీద మంచు. మొదటి పుట్టిలో మొట్టమొదట నేను ఎక్కాను. పుట్టి గిర్రున తిరిగింది, సూరమ్మ గారు "శివ శివా" అని నా భుజం పట్టుకుని నవ్వుతోంది. లంక ఇసుకలో ముందు నా కాలే పడింది. తెల్లచీరలన్నీ నా వెనక. స్నానాలు, దీపాలు, అభిషేకం. పూజారి కాస్త ముఖం ముడిచాడు గానీ దక్షిణ చూసి విప్పాడు.

అప్పుడు సన్నాయి వినిపించింది. పెద్ద పడవ నడి ఏట ఆగింది. లంగరు పడిన చప్పుడు నాకు ఎంత తియ్యగా ఉందో!

సరంగు చేతులు ఊపుతున్నాడు, పిలుస్తున్నాడు. అంకయ్య నా వైపు చూశాడు. "తాంబూలం నాది" అన్నాను. వాడు కూర్చుని చుట్ట వెలిగించాడు. కాసేపటికి సన్నాయి ఆగింది. ఎండ ఎక్కుతోంది. పట్టుచీరలు పడవ అంచున వరసగా. ఎవరి బిడ్డో ఏడుపు.

సూరమ్మ గారు నా పక్కకు వచ్చింది. "ఆవిడతో నీకు పేచీ. ఆ పిల్లతల్లులు ఏం చేశారే నిన్ను? తీసుకురా."

"తెస్తాను. కానీ పుట్టికి ఒకతె చొప్పున మన మనిషి ముందు కూర్చోవాలి. మన మనిషి దిగాకే వాళ్ళు దిగాలి. ఇష్టమైనవాళ్ళు ఎక్కుతారు."

నా నోట ఆ మాట వచ్చాక కడుపు చల్లబడింది. ఇంతకన్నా మంచి శిక్ష నేను ఆలోచించుకుని కూడా పెట్టలేను.

ఎక్కారు! మొదట ఒక బిడ్డతల్లి. తర్వాత ఇద్దరు. తర్వాత తోసుకుంటూ. ఎండా, ఆకలీ, గుడి మూస్తారన్న భయమూ. సూరమ్మ గారి గుండు ముందు, వెనక ఎనిమిది కుంకుమ బొట్లు, అందరూ ఆవిడ జోకులకే నవ్వుతున్నారు. నా తోడికోడలు కూడా. ఆఖరికి పడవలో మిగిలింది మాణిక్యమ్మ వదిన ఒక్కతే.

ఆ పుట్టికి నేనే వెళ్ళాను.

"రా వదినా."

"నువ్ దిగి పడవలో కూచో. నే ఒక్కదాన్నే ఎల్లి వస్తా."

"పుట్టి నాది."

పళ్ళెంలో దీపాల ప్రమిదలు, పైన తడిగుడ్డ. దాని మీద చెయ్యి అలాగే పెట్టుకుని ఉంది. చిక్కిపోయింది. "మీ అన్నయ్య కోసమే కాంతం… నీ ఎనక దిగితే…" అని ఆపింది. పళ్ళెం గుండెకు దగ్గరగా లాక్కుంది.

అది పొగరు కాదు. భయం. చూశాను, తెలిసింది. తెలిసే అన్నాను — "అయితే ఇక్కడే కూచో. పోయినేడు నేను కూచోలా?"

పుట్టి తిప్పించేశాను.

పులిహోర విస్తట్లో పెట్టి పంపాను. దయగా. తిందో, ఏటిలో వేసిందో అంకయ్య చెప్పలేదు, నేను అడగలేదు.

నైవేద్యం గంట మోగుతున్నప్పుడు అందరూ గర్భగుడి వైపు. నేను గుమ్మంలో వెనక్కి తిరిగి ఏటి వైపు చూస్తున్నాను. పడవలో ఆ ఒక్క ఎర్రచీర. దాన్ని చూడ్డంలో దేవుణ్ణి చూడలేదు. తలుపులు మూసే ముందు పూజారి "ఇంకెవరి పేరునన్నా?" అంటే అన్నయ్యగారి పేరూ గోత్రమూ నా నోటి నుంచి వచ్చాయి. విభూతి ఇచ్చాడు. పొట్లం కట్టుకున్నాను. ఆ మనిషి మీద నాకేం పగ లేదు.

ఏకాదశి, మంగళవారం

ఒళ్ళంతా నొప్పులు. హాయిగా ఉంది.

ద్వాదశి, బుధవారం

అంత హాయిగా ఏం లేదు.

పొద్దుటి నుంచి నాతో నేనే వాదన. పోయినేడు నాకు జరిగిందానికి ఎవరైనా ఒక్క మాట అన్నారా? నా పక్కన ఎవరైనా కూర్చున్నారా? కుక్క కాటుకు చెప్పుదెబ్బ. సరిపోయింది. ప్రమిదల మీద ఆ చెయ్యి ఒకటి మాత్రం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

చతుర్దశి, శుక్రవారం

మరిది నందిగామ నుంచి ఇప్పుడే వచ్చాడు. అన్నయ్యగారు మాట్లాడడం లేదట. వైద్యుడు పెదవి విరిచాడట. అక్క మంచం పట్టె వదలడం లేదట.

"నువ్వు ఆయన పేరున పూజ చేయించావంటగా? విభూతి కూడా కట్టుకొచ్చావని సూరమ్మ గారు బస్సులో కనపడి చెప్పింది. నిజమేనా వదినా?"

"చేయిస్తే?"

"అక్కకి చెప్పా. విభూతి నీ దగ్గరే ఉందా అని రెండుసార్లు అడిగింది."

ఎవడు చెప్పమన్నాడు వీణ్ణి! ఇప్పుడు నేను మంచిదాన్ననుకుంటుంది. నేను మంచిదాన్ని కాను. మరిది అన్నాడు, "ఆ విభూతి ఇటియ్యి, రేపు పట్టుకెళ్తా." ఇవ్వనన్నాను. కావాలంటే కావాలన్న మనిషే రావాలి. నా చేతిలోంచి, నా గుమ్మంలో, నోరు తెరిచి అడిగి తీసుకోవాలి.

మరిది నన్ను చూసిన చూపు ఇంతవరకూ ఎప్పుడూ చూడలేదు.

పౌర్ణమి, శనివారం

వాకిట్లో గూడుబండి ఆగింది. ఎడ్లు రొప్పుతున్నాయి, ఆగకుండా తోలినట్టున్నారు.

"కాంతం ఉందా?"

ఆవిడే. మరిది లోపలికి రమ్మంటున్నాడు. తోడికోడలు కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. "కూచోడానికి రాలేదురా. ఆయన్ని వదిలేసి వచ్చా. కాంతాన్ని పిలువు."

నేను ఇక్కడ గదిలో. తలుపు ఓరగా ఉంది. గడప దగ్గర ఆవిడ పాదాలు కనిపిస్తున్నాయి. నిన్నటి పసుపు, పైన దుమ్ము. ఒక కాలు గడప మీద పెట్టింది, మళ్ళీ తీసింది.

విభూతి పొట్లం గూట్లో ఉంది. కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాస్తే అందుతుంది.

"కాంతం… అమ్మా… ఒకసారి బయటికి రా. ఆ విభూతి నీ చేత్తోనే ఇయ్యవే."

అడిగింది. నోరు తెరిచి అడిగింది. మరిది తలుపు తడుతున్నాడు. లేవాలి… ఇంకొక్కసారి పిలవనీ.