విమానం కింది మిరపకాయలు

పూజ నాన్నా,

పప్పు కుక్కర్‌లనే ఉన్నది, అన్నం నువ్వే వండుకో. నేను కోదాడ పోతున్న, మా తమ్ముణ్ణి మళ్ల మిరపకాయలు అడగనీకి. ఏం మొఖం పెట్టుకొని అడగాల్నో నువ్వే చెప్పు.

నిన్న డాబా మీద గంటసేపు ఆకాశం దిక్కే సూసుకుంట నిలబడ్డవ్. పైన పోయే విమానం దుబాయ్ నుంచి సింగపూర్‌కట, ఐదువేల ఎనిమిదొందల కిలోమీటర్లట, ఏడున్నర గంటలట. అన్నీ ఫోన్‌ల సూసి చెప్పినవ్. దాని కింద అంత నల్లటి మబ్బు మాత్రం నీకు కనపడలే. పచ్చడికని ఎండబోసిన కాయలన్నీ తడిసి ముద్దయినయి.

సువర్ణ

డాబా మీద బట్టలు ఆరేసిన, వాన వస్తే తియ్యి. ఆ విమానంల కూసున్నోళ్లకైనా మన మిరపకాయలు తడుస్తుంటే కనపడ్డయేమో. పక్కనే నిలబడ్డ నీకు కనపడలే.