మా పొలం కాయ

మార్చి 4

పదింటికి మెయిల్ వెళ్ళింది. సబ్జెక్ట్ లైన్ మూడుసార్లు మార్చి చివరికి ఇది ఉంచాను — "కొత్త కారం వచ్చింది, మా అన్నయ్య కల్లం నుంచి. ఈ ఏడు కావలసినంత ఉంది." మధ్యాహ్నానికే సగంమంది తెరిచారు. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. దుకాణం లేదు, బోర్డు లేదు. మంగళగిరిలో ఈ ముందు గది, ఈ లాప్‌టాప్, నా ఉత్తరాలు చదివే పన్నెండు వందలమంది. అంతే నా వ్యాపారం.

మెయిల్లో పెట్టిన చేను ఫొటో పోయినేటిది. కొత్తది తీయడానికి తీరలేదు. ఎవరికి తెలుస్తుంది...

మార్చి 6

పార్సిళ్ళన్నీ పంపేశాను. తాడేపల్లి రమణమ్మగారి నుంచి జవాబు. రిటైరైన టీచరు, ప్రతి మెయిల్‌కీ రాస్తారు. "మావారికి కడుపులో పుండు మానినప్పటి నుంచీ మీ కారం తప్ప ఇంకోటి ఇంట్లోకి రానివ్వను. మీ అన్నయ్య మందులు తక్కువ కొడతారని రాశావుగా, ఆ ధైర్యం."

రెండుసార్లు చదువుకున్నాను.

మార్చి 7

దర్శి నుంచి అన్నయ్య పంపిన రెండో విడత బస్తాలు వచ్చాయి. మర దగ్గరికి నేనే వెళ్ళాను. మొదటి విడతప్పుడు మెయిల్ రాసుకుంటూ ఉండిపోయాను, మరాయనే విప్పి పట్టేశాడు.

బస్తాలో చెయ్యి పెట్టగానే — చల్లగా తగిలింది. కల్లంలో ఎండిన మిరపకాయ పిడికిట్లో గలగలమంటుంది. ఇది మెత్తగా వంగుతోంది. మా కాయ సన్నం, ఇది లావు. రంగు నలుపు తిరిగింది. బస్తా తిరగేస్తే నీలి రంగుతో నంబరు. కోల్డ్ స్టోరేజీ గుర్తు. అన్నయ్య కాయ ఏనాడూ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళలేదు.

మర ఆపించాను.

"కాయ బాగానే ఉందిగా అమ్మా?" అన్నాడు మరాయన. "పోయినసారీ ఇట్టాంటివి నాలుగు బస్తాలు పట్టాంగా."

పోయినసారీ!

అన్నయ్య ఫోన్ ఎత్తలేదు. మూడోసారికి వదిన ఎత్తింది. ఈ కాయ ఎక్కడిది వదినా అన్నాను. "మీ అన్నయ్యనే అడుగు తల్లీ." పెట్టేసింది. ఎప్పుడూ సుజాతా అని పిలిచే మనిషి.

మార్చి 8

పొద్దున్నే అన్నయ్యే చేశాడు. పూత మీద నల్లతామర పురుగు పడిందట. చేలో సగానికి సగం పోయింది. తక్కువ పడినంతా గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పోయినేటి కాయ కొని కలిపాడు. ఎవరు పండించారో, ఏం కొట్టారో తెలియదు.

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"ఎట్టా చెప్పను? కావలసినంత ఉందని ఊరూరా రాస్తానంటివి. ఒక్కసారన్నా వచ్చి చేను చూశావా?"

చూడలేదు. ఫోన్లో "ఉందా?" అన్నాను. "ఉంటుందిలే" అన్నాడు. ఆ మాట గట్టిగా పట్టుకున్నాను, అంతే. నాకు అదే కావాలి గనుక.

"సరుకు అయిపోయిందని ఒక ముక్క రాసెయ్. వెళ్ళిందేదో వెళ్ళింది."

మార్చి 9

సబ్జెక్ట్ లైన్ ఖాళీ. "చిన్న సవరణ" అని కొట్టాను. చెరిపేశాను. చిన్నదా ఇది?

ఉండబట్టలేక రమణమ్మగారికి ఫోన్ చేశాను. ఆ కారం వాడకండి అన్నాను. ఎందుకో చెప్పాను. నిన్నే డబ్బాలో పోశారట. కోప్పడలేదు. ఒక్కటే అడిగారు — "మిగతా వాళ్ళందరికీ కూడా చేస్తున్నావా అమ్మా?"

చేస్తున్నానండి అనేశాను. ఇంకో అబద్ధం.

మార్చి 10

రాశాను, దాచకుండా. అన్నయ్యకు ఫోన్లో చెప్తే మొదటి బస్సుకు దిగాడు. చెప్పులు విప్పుతూనే, "చదువు."

చదివాను.

"నా పేరు తీసెయ్."

"నీ పేరు చూసే కదా కొన్నారు."

"దేశమంతా నన్ను దొంగ అనుకోవాలా?"

"దొంగ అని ఎక్కడ రాశాను?"

"రాయక్కర్లా!" పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. నేనూ అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. అన్నయ్యను అనకూడని మాట.

మంచినీళ్ళు తాగాడు. "ఇదివరకు నా గురించి ఏమేం రాశావు?" అన్నాడు. మూడేళ్ళుగా పంపుతున్నా, ఒక్కటీ చదవలేదు. అన్నీ చదివి వినిపించాను. పొద్దున్నే సాళ్ళ వెంట నడిచే రైతు. ఆకు తిరగేసి చూడనిదే మందు డబ్బా ముట్టని రైతు. అన్నయ్య తల వంచుకుని విన్నాడు.

"ఈ ఏడు పదిసార్లకు పైనే కొట్టాను సుజాతా. షాపువాడు ఏదిస్తే అది. చేను కళ్ళముందే ముడుచుకుపోతుంటే ఆకులేం తిరగేస్తాను... మన కాయ కూడా నువ్వు రాసిన కాయ కాదు."

రాసిన మెయిల్ మళ్ళీ తెరిచాను.

"అదీ రాయి," అన్నాడు. "పేరు ఉండనీ."

మార్చి 11

మెయిల్లో అన్నీ పెట్టాను — కారం వాడొద్దని. ఏం కలిసిందో, ఎంత మందు పడిందో. తిరిగి తీసుకుంటానని. ఫొటో పాతదని, చేను చూడకుండా రాశానని కూడా. అన్నయ్య నా కుర్చీ వెనక నిలబడ్డాడు. బాణం గుర్తు "పంపు" మీద ఉంది, వేలు కదలడం లేదు.

"నొక్కమ్మా."

నొక్కాను.

మార్చి 12

జవాబులు. ఒక్కొక్కటే తెరుస్తున్నాను. జాబితాలోంచి పేరు తీసేసుకునే వాళ్ళు గంట గంటకూ పెరుగుతున్నారు. "పసిపిల్లకు అన్నంలో కలిపి పెట్టామండీ" అని ఒకావిడ. అంతే, ఇంకో మాట లేదు. తిట్టినా బాగుండేది.

ఒకాయన మాత్రం రైతు ఎలా ఉన్నాడని అడిగాడు. అన్నయ్యకు ఫోన్లో అది చదివి వినిపించలేదు. అదొక్కటే చదివితే మిగతావి దాచినట్టు అవుతుంది.

మార్చి 13

ఆర్డర్లు లేవు. నాలుగు పార్సిళ్ళు తిరిగొచ్చాయి. విప్పలేదు.

మార్చి 15

అన్నయ్య ఫోన్. "ఏమంటున్నారు?"

"తిడుతున్నారు."

"నన్నా?"

"ఇద్దర్నీ."

ఊఁ అన్నాడు. వెనకాల ట్రాక్టర్ చప్పుడు. తర్వాత మెల్లిగా — "మిరప మానేసి పత్తి వేద్దామంటోంది మీ వదిన. నువ్వేమంటావు?"

చేను సంగతి అన్నయ్య నన్ను అడగడం ఇదే మొదలు. మిరప వెయ్యి అంటే మళ్ళీ నాకోసం పురుగుతో పోరాడమన్నట్టు. పత్తి వేసుకో అంటే ఈ గదిలో నాకు పనే ఉండదు. నీ ఇష్టం అందామనుకున్నాను. అది తప్పించుకోవడం. ఇద్దరికీ తెలుసు.

"ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నానన్నయ్యా."

లైన్లోనే ఉన్నాడు. ఎదురు చూస్తున్నాడు.