రెండో పేరాలో పోయిన మేనత్త

అత్తా,

కులాసాగా ఉన్నావా అని అడిగే ధైర్యం లేదు. ఎందుకంటే నిన్ను చంపేశాను. కంగారుపడకు, దరఖాస్తులో మాత్రమే.

ఇది ఫోన్‌లో చెప్పే విషయమే. కానీ ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నువ్వు ఊపిరి తీసుకునే సరికి నేనేం చెప్పాలనుకున్నానో మర్చిపోతాను. అందుకే ఉత్తరం.

సంగతేమిటంటే, బిజినెస్ స్కూల్‌కి మూడోసారి దరఖాస్తు పెడుతున్నాను. ఇది కూడా తప్పితే ఇక ఆ ఊసెత్తనని నాన్నకి మాటిచ్చాను. ఈ లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదులకు జవాబులు రాసి రాసి నేనే రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినట్టుంది. నిన్న అమ్మ నడుం నొప్పి అంటే, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్నాను.

మార్కులు చాలవట, సొంత కథ కావాలట. ఏం దెబ్బ తిన్నావు, ఎలా లేచావు, అని. దానికోసం ఒకాయన దగ్గర చేరాను. అందరూ ఆయన్ని కథల మాస్టారు అంటారు. నా జీవితమంతా విని ఆవలించాడు. "బాబూ, నీకేమీ జరగలేదు. అమ్మానాన్నా ఉన్నారు, ఆరోగ్యం ఉంది, ఒక్కసారన్నా ఇంట్లోంచి పారిపోలేదు. పోనీ, ఎవరైనా పోయారా?" అన్నాడు. నాకు చప్పున నువ్వు గుర్తొచ్చావు.

కథ ఇదీ. చిన్నప్పుడు సెలవులకి నీ లాండ్రీకి వచ్చేవాణ్ణి కదా, అది నిజమే. అప్పుడు నువ్వు జ్వరంతో పోయావు. పదహారేళ్లకే షాపు నా నెత్తిన పడింది. నడిపాను, నిలబెట్టాను. కాగితం జతచేశాను, చదువు. ఎవరైనా ఫోన్ చేసి నువ్వున్నావా అంటే, లేనని చెప్పు చాలు.

ఇట్లు,
నీ చావు కోరని మేనల్లుడు,
బొంగరం

తా.క.: ఏడుపు పేరా నిజంగా ఏడుస్తూ రాశాను, బస్సులో. పక్కాయన లేచి నిలబడి, సీటంతా నాకే వదిలేశాడు.

*

ఒరేయ్ బొంగరం,

దీర్ఘాయుష్షు నీకు. నాకెటూ లేదు కనుక నా వాటా కూడా నువ్వే తీసుకో.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ చదివాను. జ్వరమేమిట్రా? నేను జ్వరంతో పోయే మనిషినా? పైగా రెండో పేరా మొదట్లోనే, 'ఒక వానాకాలం ఆమె కన్నుమూసింది' అని తేల్చేశావు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పావు.

చంపితే చంపావు, కాస్త మర్యాదగా చంపు. చెప్తాను, రాసుకో. షాపుకి నిప్పంటుకుంటుంది. అందరూ బయటికి పరుగెడతారు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్తాను. ఎందుకు? ఎవరో అమ్మాయి మర్నాడు మొదటి ఉద్యోగానికి వేసుకెళ్లాల్సిన నీలం కోటు లోపలుండిపోయింది. కోటు కిటికీలోంచి విసురుతాను. దాని మీద మసి కూడా పడదు. నేను మాత్రం రాను. అదీ చావంటే!

ఎదురు షాపు దర్జీకి చదివి వినిపించాను. కాలర్ల దగ్గర తగువు పడ్డాక అతను నాతో మాట్లాడ్డం ఇదే మొదలు. మెడలో ఉన్న టేపుతోనే కళ్లు తుడుచుకుని, "ఉన్నన్నాళ్లూ మీ విలువ తెలుసుకోలేకపోయానండీ" అన్నాడు.

ఇట్లు,
త్వరలో కాలిపోబోతున్న
అత్త

తా.క.: ఏడుపు పేరా ముట్టుకోకు. 'అత్త చేతివేళ్లు ఎప్పుడూ గంజి వాసన వేసేవి. ఇప్పటికీ ఆ వాసన ఎక్కడొచ్చినా వెనక్కి తిరిగి చూస్తాను' అన్నావే, చదివితే నాకే దిగులేసింది, ఎవరో పాపం ఆవిడ అని.

*

మంటల్లోంచి వచ్చిన అత్తకి,

ఆఫీసు మెట్ల మీద రాస్తున్నాను. కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. లిఫ్టు ఎక్కబుద్ధి కావడం లేదు, అందులో కదలకుండా నిలబడాలి.

నీ నిప్పు కథ వినగానే కథల మాస్టారు లేచి నిలబడ్డాడు. "నీలం కోటు! నీలం కోటు!" అంటూ గదంతా తిరిగాడు. తన డైరీలో రాసుకున్నాడు కూడా. ఏడుపు పేరా మాత్రం తీసేయమన్నాడు. అందులో నాయకత్వం లేదట.

ఆ ఊపులో నేను రాజీనామా ఇచ్చేశాను. ఈ నెలాఖరు దాకానే ఇక్కడ. అమ్మకీ నాన్నకీ చెప్పలేదు. సీటు రాకపోతే ఎటూ కాకుండా పోతాను.

ఇంతలో చిక్కొచ్చి పడింది. నా పని కళ్లారా చూసినవాళ్లెవరైనా సిఫారసు ఉత్తరం రాయాలట. ఇక్కడ నన్ను చూసినవాళ్లు లేరు, అందరూ నా సంతకమే చూశారు. మిగిలింది నువ్వు. పోయినవాళ్లు ఉత్తరం రాయలేరు కనుక నిన్ను బతికించేశాను. నువ్వు కోటు విసిరాక నేను లోపలికి దూకి నిన్ను ఎత్తుకొచ్చాను. నాయకత్వం కూడా వచ్చింది. మార్చిన కథ పొద్దున్నే పంపేశాను.

సిఫారసు ఉత్తరం మాస్టారే రాసిచ్చాడు. దీంతో పాటు పెట్టాను. సంతకం చేసి స్కూలుకి పంపు. ఒక్క అక్షరం కలపకు, నీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
నిన్ను భుజాన మోసిన
బొంగరం

తా.క.: నువ్వు బరువు లేవని రాశాను. వాళ్లు నిన్ను చూడరు కదా.

*

ఒరేయ్ తొందరబొంగరం,

నేను బతకను.

అడక్కుండా చంపావు, ఊరుకున్నాను. ఇప్పుడు అడక్కుండా బతికిస్తావా? వీధంతా వినేసింది. బొత్తాల షాపావిడ రోజూ కాఫీ తెచ్చిచ్చి, "ఆ కోటు అమ్మాయికి ఉద్యోగం నిలిచిందా?" అని అడుగుతోంది. చొక్కా పోగొట్టానని నా మీద విరుచుకుపడే గుమస్తా, "పోనీలెండి, ప్రాణం కంటే ఎక్కువా" అని నమస్కారం పెట్టి వెళ్లాడు. ఇప్పుడు పోయి, అబ్బే, మా మేనల్లుడు భుజానేసుకొచ్చాడు, మూలుగుతూ ఉన్నాను అంటే నా పరువేం కావాలి?

మాస్టారి ఉత్తరం చదివాను. అందులో ఉన్నవాడెవడో నాకు తెలియదు. 'దార్శనికుడు' అట! ఇస్త్రీ చేసిన చొక్కాలన్నీ తలుపు గెడకి తగిలించి, ఆ తలుపే ధడాలున తీసి, అన్నిటినీ మురిక్కాలవలో పడేసిన దార్శనికుడు. అందుకని దాన్ని పక్కన పడేసి నేనే సొంతంగా రాసి పంపాను. ఉన్నదున్నట్టు రాశాను: 'మావాడు ఒక్కచోట కూర్చోడు. అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. షాపులో చేసిన పనికన్నా పాడు చేసిందే ఎక్కువ. కానీ కోపంగా వచ్చినవాళ్లని కబుర్లలో పెట్టి నవ్వించి పంపేవాడు. సెలవులైపోయి వాడు వెళ్లాక షాపులో చప్పుడుండేది కాదు. నేను ఊరికే మిషను ఆన్ చేసి ఉంచేదాన్ని.'

ఇట్లు,
మాట మీద నిలబడే
అత్త

తా.క.: బతకనన్నాక బతకను. ఆ ఉత్తరం కింద 'ఇట్లు, కీర్తిశేషురాలైన మేనత్త' అని సంతకం పెట్టాను. నువ్వే నీ కథ మార్చుకో.

ఇంకో తా.క.: ఏడుపు పేరా కూడా అదే కవర్లో పెట్టాను. అంత బాగా రాసింది ఎవరైనా పారేస్తారా?

*

అత్తా,

నిన్ను ఉన్నదానివనాలో పోయినదానివనాలో తెలియడం లేదు. అక్కడ కూడా అదే గొడవైంది.

ఇంటర్వ్యూ నుంచి వచ్చి ఇంకా బూట్లు విప్పలేదు. గదిలో తిరుగుతూ, కాగితం గోడకి ఆనించి రాస్తున్నాను.

వరండాలో నాతో పాటు ముగ్గురున్నారు. ముగ్గురూ కళ్లు మూసుకుని వల్లెవేస్తున్నారు. పక్కనున్న అమ్మాయి, "ఆ మంటల్లోకి మా పిన్ని..." అంది. అవతలి కుర్రాడు, "నీలం కోటు కిటికీలోంచి విసిరి, మా నాయనమ్మ..." అన్నాడు. మూడో అతనికి మంటల్లో పోయింది హాస్టల్ వంటావిడ. నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. కథల మాస్టారు నీ చావుని అందరికీ పంచిపెట్టాడత్తా!

నా వంతు ఆఖర్న వచ్చింది. లోపల ఒక కళ్లజోడు మేడమ్ నా కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "ఈ నీలం కోటు కోసం పొద్దుట్నుంచీ ముగ్గురు పోయారు. మీ మేనత్తగారొక్కరే బతికారు. తీరా చూస్తే, పోయానని ఆవిడే ఉత్తరం రాశారు. ఇంతకీ ఆవిడ ఉన్నారా?" అంది.

నా చెవులు భగ్గుమన్నాయి. "ఉన్నారండీ, లాండ్రీలో ఉన్నారు" అన్నాను. ఇక దాచడం నావల్ల కాలేదు. నిప్పు లేదని, షాపు నేను నడపలేదని, చొక్కాలు కాలవలో పడేసిన మాట మాత్రం నిజమని చెప్పేశాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ఏడుపు పేరా బయటికి తీసింది. అది చదివేటప్పుడు నవ్వలేదు. "ఇదొక్కటీ మీరు రాసిందే" అంది.

సీటు మాత్రం లేదన్నారు. "వచ్చే ఏడు రండి, ఈసారి నిజంగా జరిగింది తీసుకురండి" అన్నారు. నాకేం జరుగుతుందత్తా? ఉద్యోగం లేదు, సీటు లేదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. భయంగా ఉంది.

ఇట్లు,
తాడు తెగిన
బొంగరం

తా.క.: వాళ్లు నీ అడ్రసు రాసుకున్నారు. ఎందుకో చెప్పలేదు. పోలీసులొస్తే నువ్వు నిజంగానే లేనట్టు ఉండు.

*

ఒరేయ్ బొంగరం,

ముందు బూట్లు విప్పి కూర్చో. కూర్చున్నావా? లేవకుండా చదువు.

నా చావు నలుగురు వాడుకున్నారా! దర్జీకి చెబితే, "అంత బాగా కుదిరిందండీ మీకు" అన్నాడు.

పోలీసులు రాలేదు, కవరు వచ్చింది. మీద 'కీర్తిశేషురాలైన మేనత్తగారికి' అనే రాసి ఉంది. పోస్ట్‌మాన్ కవరు చూసి, నన్ను చూసి, "పోయినావిడ తరఫున ఎవరు తీసుకుంటారండీ?" అన్నాడు. రాసింది మీ కళ్లజోడు మేడమే. సొంతంగా షాపులు నడుపుకునేవాళ్లకి అక్కడ ఒక చదువుందట. నన్ను వచ్చి చేరమంది. నీకు రాని సీటు నాకొచ్చిందిరా! నవ్వాలో ఏడవాలో తెలియక, ఇస్త్రీ చేసిన దుప్పటినే మళ్లీ ఇస్త్రీ చేశాను.

వద్దని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. ఈ బల్ల ముందు నిలబడి నిలబడి నాకూ విసుగొచ్చేసింది. నీ కాళ్లలో ఆ తిరుగుడు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందనుకున్నావు? వెళ్తున్నాను.

మరి షాపు? నీ నెత్తిన పడింది. ఏం చెయ్యాలో నన్నడక్కు, నడిపాను నిలబెట్టాను అని నువ్వే రాశావు, అది తీసి చదువుకో. సోమవారానికల్లా రా. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను, వాడి ఉద్యోగం పోలేదు, మారింది అని. మీ నాన్న నా తమ్ముడే, వాణ్ణి మాట్లాడనివ్వను. చొక్కాలు తలుపు గెడకి తగిలించకు. గురువారం ఒకమ్మాయి నీలం కోటు కోసం వస్తుంది. అది నిజం కోటే, జాగ్రత్త.

ఇట్లు,
పుస్తకాల సంచి కుట్టించుకుంటున్న
అత్త

తా.క.: వచ్చే ఏడు దరఖాస్తులో నన్ను బతికుండనివ్వు. బరువు సంగతి రాయకు.

ఇంకో తా.క.: ఏడుపు పేరా ఆ మేడమ్ తిరిగి పంపింది. బల్ల సొరుగులో పెట్టాను. పారేయకు. ఎప్పటికైనా అది నిజంగా కావాల్సి వస్తుంది కదా. అప్పుడు కూర్చుని కొత్తగా రాయడం నీవల్ల కాదురా.