ఒక్క లైనే కదా

3వ తేదీ, సోమవారం. రోజు 1

ఉదయం 9:10. ఈ రోజు నుంచి ముప్పై రోజులు నా టీమ్ రాసిన కోడ్‌ను నేను ముట్టను. చూస్తాను, మెచ్చుకుంటాను, అవసరమైతే చప్పట్లు కొడతాను. ముట్టను గాక ముట్టను!

కారణం రాసుకోవాలి, లేకపోతే నేనే మర్చిపోతాను. శుక్రవారం ఓపిక గారు రాజీనామా ఇచ్చారు. అది అసలు పేరు కాదు, టీమంతా కలిసి పెట్టుకున్నది. పదకొండేళ్ల కిందట ఈ ఆఫీసులో నాకు పని నేర్పింది ఆవిడే. రెండు నెలల కిందట టీమ్ లీడ్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు, ఆవిడను కాదు. ఆవిడ ఒక్క మాట అనలేదు. అప్పటిదాకా నన్ను 'నువ్వు' అనే మనిషి మర్నాటి నుంచి 'మీరు' అనడం మొదలుపెట్టారు, అంతే.

ఈ రెండు నెలల్లో ఆవిడ రాసిన కోడ్‌ను నేను పద్నాలుగు సార్లు తిరగరాశానట. లెక్క ఆవిడది. నాకు తొమ్మిదే గుర్తున్నాయి.

డైరెక్టర్ గదిలో ఆవిడ షరతు పెట్టారు. "నోటీసు ముప్పై రోజులు కదా. ఈ ముప్పై రోజులూ ఈయన మా పనిలో చెయ్యి పెట్టకపోతే ఉత్తరం నేనే చించేస్తాను. పెడితే వెళ్లిపోతాను."

డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "ఏమీ చేయకుండా ఉండాలి, అంతేగా! ఆ మాత్రం చేతకాదటయ్యా?"

ఎందుకు చేతకాదు? ఎంతోమంది లీడ్‌లు ఏళ్ల తరబడి అదే చేస్తున్నారు.

11:30. మా గోడకు కాగితం అంటించాను. పెద్ద అక్షరాలు: "ఇక్కడ తప్పు ఎవరిదని అడగం. ఎలా జరిగిందని అడుగుతాం." మంచి టీమ్‌కి ఇదే పునాది అని ఒక పుస్తకంలో చదివాను (పన్నెండో పేజీ దాకా). టెస్టర్ గారు కళ్లజోడు సవరించుకుని చదివి, "బావుంది. కాస్త వంకరగా అంటింది" అన్నారు. తప్పులు వెతకడం ఆయన ఉద్యోగం. కానీ ఎవరు అంటించారని అడగలేదు. గంట కాలేదు, అప్పుడే కొత్త సంస్కృతి వచ్చేసింది!

4, మంగళవారం. రోజు 2

ఇంట్లో శ్రీమతికి చెప్పాను. తను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజుకు ఆరుగురు కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది.

"నీ వైపు కూడా ఓ బ్రేకు ఉంటుందిగా?" అని అడిగాను.

"ఉంటుంది. గుద్దేస్తారనుకుంటేనే తొక్కుతా. గేరు గరగరలాడిందని తొక్కను. ప్రతిదానికీ తొక్కుతూ కూర్చుంటే వాళ్లకి బండి ఎప్పుడొస్తుంది?"

"మరి చేతులేం చేస్తావు?"

"ఒళ్లో పెట్టుకుంటా. నువ్వు నిలబడే తిరుగుతావు కాబట్టి జేబులో పెట్టుకో."

జేబులో పెట్టుకున్నాను. హాయిగా ఉంది!

5, బుధవారం. రోజు 3

మా పని గురించి రెండు ముక్కలు. క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. పన్ను నొప్పి వచ్చిన మనిషి ఫోన్‌లో నొక్కితే ఫలానా డాక్టరు, ఫలానా టైము అని వస్తుంది. దాని కొత్త వెర్షన్‌ను ఓపిక గారూ హెడ్‌ఫోన్సూ కలిసి రాస్తున్నారు. హెడ్‌ఫోన్స్ ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. చెవుల మీద అవి లేకుండా అతన్ని మేమెవరమూ చూడలేదు. వచ్చే వారం శుక్రవారం సాయంత్రం నుంచి బుకింగులు, పదిహేడో తేదీ సోమవారం నుంచి పేషెంట్లు. దాన్ని మొదట వాడబోయేది ఒక పళ్ల డాక్టరు క్లినిక్.

ఈ రోజు సాధించినవి:
ఓపిక గారి కోడ్ చూశాను. ముట్టలేదు.
నేనైతే వేరేలా రాసేవాణ్ణి. ముట్టలేదు.
నేనైతే సగంలో రాసేవాణ్ణి. ముట్టలేదు!!
జేబు కొంచెం చిరిగింది.

7, శుక్రవారం. రోజు 5

అయిదు రోజులు! ఇంత మంచి లీడ్ కింద పనిచేసే అదృష్టం నాకెప్పుడూ దొరకలేదు.

సాయంత్రం 4:00. ఇతరుల పనిలో వేలు పెట్టకుండా ఉండడం ఎలా అనే విషయం మీద టీమ్ పని ఆపించి నలభై నిమిషాలు మాట్లాడాను. చివర్లో ప్రశ్నలు అడగమన్నాను. టెస్టర్ గారు అడిగారు: "వెళ్లి పని చేసుకోవచ్చా?"

10, సోమవారం. రోజు 8

చూడడం ముట్టడం కిందికి రాదు. సలహా కూడా రాదు. శ్రీమతి కూడా "అద్దం చూసుకో, ఇండికేటర్ వెయ్యి" అని చెబుతూనే ఉంటుంది కదా.

ఓపిక గారి కోడ్ పక్కన ముప్పై ఒక్క సలహాలు రాశాను. సాయంత్రానికి ముప్పై ఒక్క జవాబులు వచ్చాయి. అన్నీ ఒకటే: "చూశాను."

11, మంగళవారం. రోజు 9

కుర్చీల వెనక నిలబడ్డాను. జేబులో తాళాలు ఆడిస్తూ ఉన్నానట, నాకు తెలియదు. హెడ్‌ఫోన్స్ మొదటిసారి చెవుల మీద నుంచి వాటిని దించాడు.

"సార్, ఆ తాళాలు దీంట్లోంచి కూడా వినపడుతున్నాయి."

రేపటి నుంచి తాళాలు సొరుగులో.

13, గురువారం. రోజు 11

తాళాలు సొరుగులోనే ఉన్నాయి. చేతులు మాత్రం జేబులో లేవు.

మధ్యాహ్నం 3:40. హెడ్‌ఫోన్స్ సీట్లో లేడు. స్క్రీన్ తెరిచే ఉంది. ఊరికే వంగి చూశాను. ఓపిక గారు రాసిన భాగం. ఒకరికి టైము ఇచ్చాక గడియారాన్ని పావుగంట ముందుకు జరిపే లైను ఒకటుంది. సరిగ్గా అదే లైను పైన కూడా ఉంది. ఒకే పనికి రెండు లైన్లా! తల్లిలా పని నేర్పిన మనిషి, ఇలా రాస్తారా?

చుట్టూ చూశాను. కింది లైను తీసేశాను. సేవ్ చేసి కొత్త వెర్షన్‌లోకి పంపేశాను.

3:44. ఆలోచించిన మీదట తేలినవి. ఒకటి, ఇది బ్రేకు, స్టీరింగ్ కాదు. రెండు, నేను ఏమీ రాయలేదు, ముట్టడం అంటే రాయడం. మూడు, ఒక్క లైనే కదా. నాలుగు, అది హెడ్‌ఫోన్స్ కంప్యూటర్ కాబట్టి మార్పు అతని పేరు మీద వెళ్లింది, పోనీ అతని ఖాతాలో ఒక మంచి పని పడింది.

టెస్టర్ గారి పరీక్షలు నిన్ననే ముగిశాయి. ఆయన్ని మళ్లీ ఎందుకు ఇబ్బంది పెట్టడం?

17, సోమవారం. రోజు 15

9:05. క్లినిక్ నుంచి ఫోన్. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ.

"ఏవండీ, మీ సాఫ్ట్‌వేర్‌కి తొమ్మిది తప్ప వేరే గంట తెలీదా?"

ఒక డాక్టరు. ఒక కుర్చీ. తొమ్మిది గంటలకు నలభై ఒక్క మంది. అందరికీ పన్ను నొప్పే!

9:20. ఓపిక గారు కేకలు వేయలేదు. పేషెంట్ల జాబితా తీసి, నలుగురికీ పంచి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త టైము చెప్పమన్నారు. నా వంతుకు పదిమంది. ఏడో ఫోన్ ఒక తల్లి ఎత్తింది. "పాపకి దవడ వాచిపోయిందండీ. తొమ్మిదికి చూస్తారనే కదా రెండ్రోజులు ఓర్చుకోమన్నాను" అంది. వెనక నుంచి పాప ఏడుపు వినిపిస్తోంది. ఓపిక గారు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "అమ్మా, మీరే ముందు. లోపలికి వెళ్లండి, నేను డాక్టరు గారికి చెబుతున్నాను" అన్నారు.

11:45. కారణం దొరికింది. ఒక లైను లేదు. పైనున్న లైను డాక్టరు గారి విరామం కోసమట, కిందది పేషెంట్ల కోసమట. కిందది తీసేస్తే మొదటి మనిషికి ఇచ్చిన టైమే ఆఖరి మనిషికీ ఇస్తుంది. ఇంత చిన్న విషయం ఎవరికి తెలియదు!

3:00. సమీక్ష. గోడ మీద నా కాగితం కిందే కూర్చున్నాం. ఎలా జరిగిందని అడిగారు. ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

హెడ్‌ఫోన్స్ తనంతట తానే చెప్పాడు. "ఆ మార్పు నా పేరు మీదే ఉంది. తీసినట్టు గుర్తులేదు. కానీ నేనే తీసుంటాను. సారీ."

"ఫర్వాలేదు. ఇక్కడ తప్పు ఎవరిదని అడగం" అన్నాను.

నేనే అన్నాను. ఈ నోటితోనే. నా మీద నాకు అసహ్యం వేసింది.

18, మంగళవారం. రోజు 16

హెడ్‌ఫోన్స్ చెవుల మీద అవి లేవు. బల్ల మీద పడేసి ఉన్నాయి. ఒక్కో లైను రాయడం, టెస్టర్ గారిని పిలిచి చూపించడం, చెరిపేయడం. పొద్దుటి నుంచి ఇదే.

టీ మెషీన్ దగ్గర టెస్టర్ గారు దొరికారు. లేదా నేను ఆయనకు దొరికాను.

"గురువారం మూడూ నలభైకి, ఆ మార్పు వెళ్లిన టైముకి, అతను నా సీటు దగ్గరున్నాడు. నేను రాసిన తప్పుల జాబితా చదువుతున్నాడు. ఊరికే గుర్తొచ్చి చెబుతున్నా."

"నాకెందుకు చెబుతున్నారు?" అన్నాను, భుజాలు తడుముకుంటూ.

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. ఎవరిదని నేనేం అడగట్లేదు." కప్పుతో గోడ మీది కాగితాన్ని చూపించారు.

ఇంటికెళ్లి శ్రీమతికి అంతా చెప్పాను. బ్రేకు అనే మాట మూడుసార్లు వాడాను. తను చివరిదాకా విని ఒకటే అడిగింది. "బ్రేకు తొక్కావా? పక్క సీట్లోంచి స్టీరింగ్ లాగావా?"

"లాగాను."

"లాగేసి, గుద్దింది నేర్చుకునేవాడే అన్నావు."

తర్వాత తను భోజనానికి పిలిచింది. వెళ్లాను కానీ సహించలేదు.

19, బుధవారం. రోజు 17

8:50. చెబితే ఓపిక గారు వెళ్లిపోతారు. చెప్పకపోతే హెడ్‌ఫోన్స్ మనిషిగా మిగలడు. రెండు వరసలు రాసి లాభనష్టాలు వేశాను. చెప్పకపోవడం వైపే ఎక్కువ లాభాలు కనిపించాయి. కాగితం చించేశాను.

10:00. అందరూ కూర్చున్నాక చెప్పాను. "ఆ లైను తీసింది నేను. అతని కంప్యూటర్లో."

హెడ్‌ఫోన్స్ ముందు గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. "రెండు రాత్రులు నిద్రపోలేదు సార్ నేను. నా కొలీగ్స్ ముందు సారీ చెప్పించారు. మీరు పక్కనే కూర్చున్నారు."

"నాదే తప్పు. క్షమించు" అన్నాను. అతను తల ఊపలేదు. ఊపాల్సిన అవసరమూ లేదు.

ఓపిక గారు పెన్ను మూత పెట్టారు. "నాకు సోమవారమే తెలుసు. ఏదైనా తీసేస్తే ఆ చోట ఒక లైను ఖాళీగా వదిలేస్తావు. పదకొండేళ్ల నుంచీ చెబుతున్నా, వదలొద్దని."

"మరి సోమవారమే ఎందుకు అడగలేదక్కా?"

"అడగం అని గోడ మీద రాసింది నువ్వే కదా. అది జనం భయపడకుండా తప్పు ఒప్పుకోవడానికి. నువ్వు దాని వెనక దాక్కున్నావు."

లేచి తిన్నగా డైరెక్టర్ గదిలోకి వెళ్లారు. తలుపు వేశారు.

10:25. తలుపు తెరవలేదు.

10:50. తెరవలేదు. పదకొండేళ్ల కిందట, నా మొదటి వారంలో, నేను క్లినిక్‌ల జాబితా మొత్తం చెరిపేశాను. అప్పుడు ఆవిడ డైరెక్టర్ దగ్గరికి వెళ్లి "నేను సరిగా చెప్పలేదు" అన్నారు. ఇన్నేళ్లలో అది నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆవిడ వెళ్లిపోతే నాకు చాలా బాధేస్తుంది. లీడ్‌గా కాదు, నాకే.

11:10. బయటికి వచ్చారు. చేతిలో ఉత్తరం.

"చించలేదు. షరతు తప్పావు కాబట్టి చించే ప్రశ్నే లేదు. తేదీ మార్చాను. రేపటి నుంచి ముప్పై రోజులు."

"అక్కా, మళ్లీ ఎందుకు...?"

"పద్నాలుగు సార్లు నా పని మార్చావు. ఒక్కసారీ నోటితో చెప్పలేదు. ఇది పదిహేనోది. చెప్పావు." రెండడుగులు వేసి ఆగారు. "మళ్లీ చేస్తే మాత్రం చెప్పినా లాభం లేదు."

అంతసేపూ నన్ను 'నువ్వు' అన్నారని సీటుకొచ్చి కూర్చున్నాక గమనించాను.

సాయంత్రం చూస్తే నా కాగితం కింద ఎవరో పెన్నుతో ఒక లైను చేర్చారు: "అడగకముందే చెబుతాం." టెస్టర్ గారి రాత. కాగితాన్ని తిన్నగా మాత్రం అంటించలేదు. అది నా పనట.

20, గురువారం. రోజు 1

ఉదయం 9:10. ఈ రోజు నుంచి ముప్పై రోజులు నా టీమ్ రాసిన కోడ్‌ను నేను ముట్టను. తీసేయడం కూడా ముట్టడమే. ఇతరుల కంప్యూటర్లో ముట్టడం కూడా ముట్టడమే. ఒక్క లైను కూడా లైనే. (శ్రీమతి చెబుతుంటే రాసుకున్నాను.)

9:30. జేబు కుట్టించాను. కాగితం తిన్నగా అంటించాను.

10:15. హెడ్‌ఫోన్స్ చెవులకు మళ్లీ అవి పెట్టుకున్నాడు. నాతో ఇంకా మాట్లాడడం లేదు. లేచి టీకి వెళ్లాడు. స్క్రీన్ తెరిచే ఉంది. ఇక్కడి నుంచే కనిపిస్తోంది, పన్నెండో లైను నేనైతే అలా రాయను.

10:16. నేనూ టీకి వెళ్లాను. కప్పు పట్టుకోవాలి కాబట్టి ఒక చెయ్యి బయటికి తీయక తప్పలేదు. రెండోది మాత్రం జేబులోనే ఉంది.