కాపు తరగని తోట

చాట్రాయి,
శనివారం.

మా వారికి షాలోమి వందనాలు.

దేవుని దయవల్ల అత్తయ్య, నేను, దూడ బాగున్నాం. మీరు హైదరాబాదులో వేళకు తింటున్నారని నమ్ముతున్నాను. ఈ ఉత్తరం మామిడికాయల పెట్టెలో గడ్డి కింద పెడుతున్నాను. ఫోన్లో చెబుదామంటే అత్తయ్య పక్కనే కూర్చుంటారు, నాకు నోరు పెగలదు.

మీరు అత్తయ్య మోకాలి గురించి అడిగారు. నూనె రాస్తుంటే నయంగానే ఉంది. గాలికి కొంత కాయ రాలినా మిగిలింది బాగా ఊరింది. తొలి కోతలోని ప్రథమ ఫలాలు దేవుడివని చర్చికి ఇచ్చాం. వేలంలో మన బుట్టను క్రీస్తుదాసు మాస్టారు పాడుకున్నారు. ఆ తర్వాతే మేం పండు నోట పెట్టాం.

ఇక మీరు రాస్తున్న నవల. కథల కంపెనీ వాళ్ళు కొంటామంటున్నారని, ఇవ్వనా వద్దా అని అడిగారు. మీ కథలోని రేచల్‌ని ఆ కంప్యూటరు ఆటలోనే ఉంచెయ్యాలట, అప్పుడే ఏళ్ళ తరబడి సాగదీయవచ్చట. సంతకం పెడితే రేచల్ వాళ్ళదే, మీరు ఆమె గురించి ఇక ఒక్క ముక్క కూడా రాయకూడదట. అయిదో తరగతి చదివినదాన్ని, నేనేం చెప్పగలనని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. అయినా కథ అర్థమైంది. కళ్ళకు బొమ్మలు చూపించే ఆ పెట్టె తగిలించుకుని ఊరంతా ఆటలోనే బతకడం, ఏడాది పొడుగునా కాసే తోటను చూపించి ఆట నడిపేవాళ్ళు ఊరివాళ్ళను కట్టిపడెయ్యడం, రేచల్ ఇంటి దారి మరిచిపోవడం... చదువుతుంటే భయమేసింది.

ఇప్పుడు కోప్పడకుండా వినండి. ఎవరికీ చూపించొద్దన్నారు కదా, నేను చదివి వినిపించాను.

నేనూ అత్తయ్యా మామిడికాయలు సర్దే ఇన్నయ్య గారి షెడ్డులో అన్నాల వేళ ఓ మూల కూర్చుని మీరు పంపిన కాగితాలు చదువుకుంటుంటే, మాతో పనిచేసే పద్మక్క చూసింది. "ఏంటమ్మాయ్, మొగుడి ఉత్తరమా? పైకి చదువు, మేమూ కాస్త సిగ్గుపడతాం" అంది. కాదు కథేనని చూపించడానికి ఒక పేజీ చదివాను. మర్నాటి నుంచి నా కాయలు కూడా వాళ్ళే గడ్డిలో సర్దుతూ నన్ను చదవమన్నారు. నా గొంతు షెడ్డు చివరిదాకా వినపడుతుందని నాకే తెలియదు. రాసిందెవరో మాత్రం చెప్పలేదు.

కానీ రేచల్ వాళ్ళమ్మ, "కళ్ళు నిండితే కడుపు నిండినట్టేనా?" అనే చోట అత్తయ్య చేతిలో కాయ ఆగిపోయింది. "ఈ మాట నాది! ఫోన్ పట్టుకుని కూర్చుంటే మావాణ్ణి నేను తిట్టే తిట్టు!" అన్నారు. నేను తల దించుకున్నాను. దాంతో అందరికీ తెలిసిపోయింది.

నిన్న కాగితాలు అయిపోయాయి. రేచల్ ఇంకా ఆటలోనే ఉంది. "పిల్లని అక్కడ వదిలేసి మాకు ముద్దెట్లా దిగుద్దే?" అని పద్మక్క నన్ను లేవనివ్వలేదు. అసలు తప్పు అప్పుడు చేశాను. రాసి ఉన్నట్టే ఆఖరి కాగితం పట్టుకుని, ముగింపు నేనే చెప్పేశాను.

రేచల్ ఆ తోటలో పండు కోస్తూ, "ఈ కాపు ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగింది. ఎప్పటికీ అయిపోదంది ఆట. "మరి ఇందులో ప్రథమ ఫలం ఏది?" అంది రేచల్. ఆట అదే కొమ్మకు ఇంకో పండు కాయించి చూపించింది. రేచల్ పెట్టె తీసేసి ఇంటికి నడిచింది. వాళ్ళమ్మ మాగబెట్టిన పండ్లలో ఒక్కటైనా ముట్టుకోకుండా కూతురి కోసం కూర్చుని ఉంది.

పద్మక్క అప్పటికి నన్ను లేవనిచ్చింది. ఇంటికొచ్చాక కంపెనీ సంగతి చెబితే అత్తయ్య, "ఆ పిల్లని వాళ్ళకు అమ్మితే వాణ్ణి నా గుమ్మం ఎక్కనివ్వనని రాయి" అన్నారు. రాశాను.

నా మాట కూడా అడిగారు కనుక చెబుతున్నాను. సంతకం పెట్టకండి. నా ముగింపు బాగోకపోతే కొట్టెయ్యండి, రేచల్‌ని మాత్రం ఇంటికి చేర్చండి. కాయలున్నంత వరకే షెడ్డు. ఈలోగా చివరి కాగితాలు పంపితే చదివి వినిపిస్తాను. ఈసారి ఎవరూ బతిమాలక్కర్లేదు.

పై వరస ఇంకా మాగలేదు, వాసన వచ్చాకే కోయండి. అడుగున గుడ్డలో చుట్టింది మన పెరటి చెట్టుది. ఈ ఏటికి అదే ఆఖరు పండు. మెల్లగా తినండి.

ఇట్లు,
మీ భార్య
షాలోమి