పెడల్ కింద కాపురం

బావమరిదికి,

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీరూ అంతేనని తలుస్తాను.

రెండు రోజుల ముసురు తర్వాత ఈ పొద్దున తెరిపి ఇచ్చింది. నిమ్మతోటలో కలుపు దున్నుదామని చిన్న ట్రాక్టర్ తీశాను. నా మోకాలి నొప్పి వల్ల కొన్నాళ్ళుగా అది షెడ్డులోనే ఉంది. ముందుకు పోయే పెడల్ తొక్కాను, పోయింది. కాలు తీశాను, ఆగలేదు. క్లచ్ లేని బండి కదా, కాలు తీస్తే పెడల్ తనంతట వెనక్కి రావాలి. రాలేదు. కంచె దాటి, మీ అక్క బట్టలారేసిన తీగను మెడలో వేసుకుని, గడ్డివాములో దూరింది. తాళం తిప్పి ఆపొచ్చన్న తెలివి నాకు అక్కడికి వెళ్ళాక వచ్చింది.

పెద్దమ్మాయి ఫోన్‌లో వాళ్ళమ్మ దగ్గర సంగతంతా లాగింది. నెలాఖరుకు వచ్చి బండి అమ్మేస్తానంటోంది. మామూలు ట్రాక్టర్ క్లచ్ తొక్కడానికి నా మోకాలు ఒప్పుకోదు. ఇది పోతే ఇక అరుగు మీద కూర్చోవాల్సిందే. నువ్వు ట్రాక్టర్ల వర్క్‌షాపులో పనిచేసినవాడివి, ఏం చేయాలో రాయి. ఫోన్‌లో నీ మాట నా చెవికెక్కదు. మీ అక్క చేతికిస్తే మీరిద్దరూ చిన్నప్పటి సంగతులకు పోతారు.

ఇట్లు,
మీ బావ

తా.క. బండికి ఈ ఇంటి మగవాళ్ళ పోలికే వచ్చిందని, ఆగమంటే ఆగదని మీ అక్క అంది. నీ పేరూ కలిపింది.

*

బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. ఆ బండిని నడిపేది నూనె ఒత్తిడి. పెడల్ చేసేదల్లా కింద ఒక కడ్డీని జరపడం, దాన్ని వెనక్కి లాగేది స్ప్రింగు. ఇంజిను ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కాళ్ళ కింద రేకు విప్పండి. పెడల్ ఇరుసు దగ్గర మట్టి పేరుకుని ఉంటుంది. గోకి, డీజిల్‌తో కడిగి, గ్రీజు పెట్టండి. గంట పని. అమ్మాయి వచ్చేసరికి బండి చెప్పిన మాట వింటుంది.

మీ బావమరిది

తా.క. విప్పిన బోల్టులు ఏదైనా గిన్నెలో వేసుకోండి. అక్క పాల గిన్నెలో మాత్రం వద్దు. కిందటిసారి ఏమైందో మీకూ గుర్తే.

*

బావమరిదికి,

ఇక్కడ ఎండ కాస్తోంది. రేకు విప్పాను. నువ్వన్నట్టే మట్టి ఉంది. గోకలేదు.

కడ్డీ పక్కన బొటనవేలంత మట్టికుండలు ఐదు ఉన్నాయి. ఆరోది విరిగి, ఆ పెళ్ళ ఇరుసు సందులో పడింది. పెడల్ వెనక్కి రాకపోవడానికి అదే కారణం. దాన్ని తీశాను. మిగతావీ తీద్దామని స్క్రూడ్రైవర్ పెట్టబోతే కందిరీగ వచ్చింది. నోట్లో ఆవగింజంత తడి మట్టి. ఐదో కుండకు అంచు కడుతోంది. కొలబద్ద లేదు, తాడు లేదు. మీసాలతో తడిమి, పల్చగా ఉన్నచోటే మట్టి వేసింది. తర్వాత ఒక పచ్చపురుగును తెచ్చింది. చంపలేదు, మత్తెక్కించి లోపల పెట్టింది. పుట్టబోయే పిల్లకు తిండి. మూత వేసి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మొహం అది చూడదు.

నేను నా చేత్తో మూడు గోడలు కట్టాను. మూడూ బీటలిచ్చాయి.

పెడల్ మళ్ళీ తొక్కితే కడ్డీ జరిగి మిగతావీ విరగొచ్చు. అందుకని బండి తీయడం లేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. భోజనానికి పిలవడానికి వచ్చిన మీ అక్క తనూ నేల మీద పడుకుని చూసింది. ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నన్నేమీ అనలేదు.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, మా ఆవిడ మూడుసార్లు చదివింది. గడ్డివాములో తలకు దెబ్బ తగిలిందన్న సంగతి మీరు దాచారని మాకు అర్థమైంది. అక్క షెడ్డులో నేల మీద పడుకుంటోందంటే, ఇంట్లో గొడవ కూడా అయి ఉండాలి. ఆ ఉత్తరం పెద్దమ్మాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. నెలాఖరు దాకా ఆగనని, కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వెంటనే వస్తానని అంది. మీ మంచికే. ఒకవేళ స్ప్రింగే పోయిందేమో, కొత్తది పంపుతున్నాను.

మీ బావమరిది

తా.క. నా సర్వీసులో ఎలుక కొరికిన వైర్లు చూశాను, పాము దూరిన ఇంజిను చూశాను. పురుగుకు బండి అద్దెకిచ్చినవాణ్ణి మాత్రం చూడలేదు.

*

బావమరిదికి,

ఎండలు ముదిరాయి. కలుపు కొడవలితో కోయించాను. నా తలకేమీ తగల్లేదు. గడ్డి మెత్తగానే ఉంది.

అమ్మాయి ఒకాయనతో వచ్చింది. ఆయన టైర్లు తన్ని చూసి, నడిపి చూస్తానన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. అమ్మాయి నన్ను పక్కకు జరిపింది. "ఆ గూళ్ళేవో చూపించు నాన్నా, ఇప్పుడే రాల్చేస్తాను" అని, స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద దూరింది. మేం బయట నిలబడ్డాం. రాల్చిన చప్పుడు రాలేదు. చాలాసేపటికి, "నాన్నా, లోపల కదులుతోంది" అంది మెల్లగా.

ఒక కుండకు లోపలినుంచి కన్నం పడుతోంది. నేనూ పడుకున్నాను. కొనడానికొచ్చినాయన టోపీ తీసి మా పక్కన పడుకున్నాడు. బండి కింద ఆరు కాళ్ళు చూసి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తర్వాత వాళ్ళ కాళ్ళూ కలిశాయి.

అది తల బయటపెట్టి, రెక్కలు ఆరేదాకా పెడల్ మీద కూర్చుంది. ఎవరూ నేర్పలేదు, దారి చూపలేదు. లేచి తిన్నగా తోట వైపు పోయింది. కాపురం ఉన్న ఇంటిని బేరం చేయనని చెప్పి ఆయన సాయంత్రమే వెళ్ళిపోయాడు. టోపీ మరిచిపోయాడు.

రెండు రోజులకని వచ్చిన అమ్మాయి సెలవు పెంచుకుంది. మిగతా నాలుగూ ఎగిరిపోయాక తనే మట్టి గోకి, డీజిల్‌తో కడిగి, గ్రీజు పెట్టింది. నన్ను సీటెక్కించి పక్కన నడిచింది.

"కాలు తియ్యి" అంది. తీశాను. ఆగింది.

"మళ్ళీ" అంది. మళ్ళీ ఆగింది.

చెట్ల వరుస చివరిదాకా అలాగే నడిచింది. అమ్మే మాట ఇక ఎత్తలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క. పాత స్ప్రింగు బాగానే ఉంది. నువ్వు పంపింది షెడ్డులో మేకుకు తగిలించాను. నిన్న చూస్తే దాని మీద ఒక కుండ లేచింది. వెనక్కి కావాలంటే కొన్నాళ్ళు ఆగాలి.

ఐదింటిలో చివరిది బుధవారం పొద్దున, ఎండ పడగానే వెళ్ళింది. అమ్మాయి గురువారం మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది.