మాగ్నం ప్రైమర్లే పెట్టాను

సుశీలా,

నువ్వు పోయిన ఆర్నెల్లకు ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. జాబ్రియాలో మనకు పనిచ్చిన కఫీల్ ఇంటి వీధి చివర ఇప్పుడు వాళ్ల ట్యాంకు నిలబడి ఉంది.

మొన్న ఆయన తన మాగ్నం రివాల్వర్‌కు ఖాళీ తొడుగుల్లో మందు నింపి తూటాలు చేయమన్నాడు. శుక్రవారాలు ఎడారిలో ఆయన గురి చూసి కాల్చుకోవడానికి మనిద్దరం నింపేవాళ్లమే, అవే. నూనె తగిలితే ప్రైమర్ పాడవుతుందని వంటింట్లోంచి వచ్చి చేతులు రెండుసార్లు తుడుచుకునేదానివి.

తూటాలో మందును అంటించే ప్రైమర్లు మామూలువీ, మాగ్నంవీ రెండు రకాలూ ఉన్నాయి.

"ఏదో ఒకటి పెట్టు, యల్లా, త్వరగా" అన్నాడు.

"మామూలువి పెడితే ఈ మందు సరిగా అంటుకోదు సార్. గుండు గొట్టంలోనే ఆగిపోవచ్చు."

గట్టి మంట ఇచ్చే మాగ్నంవే పెట్టాను. చీకటి పడకముందే ఆయన రివాల్వర్ తీసుకుని వెళ్లాడు. ఇంకా రాలేదు.

ఇవాళ ఆయన భార్య, మన మామా, వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"నువ్వు నింపినవి బాగా పేలతాయా?"

"పేలతాయి మామా."

"పేలకపోయుంటే భయపడి ఇంటికొచ్చేసేవాడు కదా."

నువ్వుంటే ఆమె పక్కన కూర్చునేదానివి. నేను టీ పెట్టి ఆమె ముందుంచి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.